ఎడమవైపు స్టీరింగు

ఆ ఇల్లాలి భయమల్లా ఒక్కటే. దొంగ అనిపించుకున్న భర్త ఆ మాట దిగమింగుకోలేక, ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతాడేమోనని. డిటెక్టివ్ గారి గదిలో కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో పాపను జోకొడుతూ ఆమె మొట్టమొదట చెప్పింది అదే. కేసు సంగతి ఆ తరవాత వచ్చింది.

భర్త పాత కార్లకు రేకుపని చేసి రంగు వేసే మనిషి. ఒకావిడకు పెదనాన్న పోతూ పోతూ ఒక బండి మిగిల్చి పోయాడు. ఎంజీ టీసీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అది. సన్నటి ఊచల చక్రాలు, రెండే సీట్లు. ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద మగ్గిన ఆ కారు ముసుగు తీయకుండానే లారీ ఎక్కి షెడ్డుకు చేరింది. ఆవిడ దాన్ని అంతకు ముందు చూసింది ఒక పాత సినిమాలోనే. పెదనాన్న షూటింగుకు ఎరువిచ్చాడట.

రంగులూ మెరుగులూ అయ్యాక, ఆవిడ, అందరూ బండి తాత అని పిలిచే ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చింది. పాత సినిమాల్లో కనిపించే కార్లు ఏవేవో గుర్తుపట్టడమే ఆ పెద్దాయన వ్యాపకం. ఆయన కారు చుట్టూ తిరిగి, సినిమాలో దానికి స్టీరింగు ఎడమవైపు ఉంది, దీనికి కుడివైపు ఉంది, కాబట్టి ఇది వేరే బండి అని తేల్చేశాడు. అసలు కారు ఎవరికో ఇచ్చేసి ఇంకోటి అంటగట్టాడన్న నింద రేకుపనివాడి నెత్తిన పడింది. పోలీసుల దగ్గరకు వెళ్తానని ఆవిడ పట్టుబట్టింది.

“మీ ఆయన ఏమన్నాడమ్మా?” అని అడిగాడు డిటెక్టివ్.

“వచ్చింది ఇదే అన్నారు సార్. అంతే. అప్పట్నుంచి షెడ్డు తియ్యలేదు. కంచం ముందు కూచుని కూడా గోడకేసి చూస్తుంటారు. పాలపాకెట్టుకి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఉంటారో ఉండరోనని పరిగెత్తుకొస్తున్నా.”

అసిస్టెంటు అమ్మాయి అప్పటికే పాపను చేతుల్లోకి తీసుకుంది. “మా సార్ చెయ్యి పెడితే చిక్కుముడే సిగ్గుపడి ఊడిపోద్ది అక్కా. నువ్వు దిగులుపడకు,” అంది.

“నువ్వు ముందు పాప తల కింద చెయ్యి పెట్టు,” అన్నాడు డిటెక్టివ్.

షెడ్డులో రేకుపనివాడి చేత మాట్లాడించడం ఆయనకు చెమటలు పట్టించింది. పాత రంగు గీకినప్పుడు ఏం కనిపించిందని నాలుగు రకాలుగా అడిగితే, ముందరి కుడి మడ్‌గార్డు మీద ఎప్పటిదో పుట్టీ ఊడి వచ్చిందని, దాని కింద అరచేతంత సొట్ట ఉందని, తానే దాన్ని సుత్తితో లోపలినుంచి సాపు చేశానని చెప్పాడు. చెబుతున్నంత సేపూ కారు వైపు చూశాడే తప్ప మనుషుల వైపు చూడలేదు.

అక్కణ్ణుంచి డిటెక్టివూ అసిస్టెంటు అమ్మాయీ బండి తాత ఇంటికి వెళ్ళారు. పెళ్ళాం పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నాడు. గది నిండా బొమ్మ కార్లు, గోడకు పెద్ద టీవీ. ఆయన ఆ సినిమా పెట్టాడు. కోటు వేసుకున్న హీరో, ఎడమ రొమ్ము మీది జేబులో తెల్ల రుమాలు దోపుకుని మేడ మెట్లు దిగి, తెరకు ఎడమ వైపుగా వెళ్ళిపోయాడు. వెంటనే కారు. అదీ ఎడమ వైపుకే దూసుకుపోతోంది. పక్కనుంచి తీసిన దృశ్యం కావడంతో నంబరు పలక కనిపించలేదు. ముందరి ఎడమ మడ్‌గార్డు మీద చిన్న సొట్ట. ఎడమవైపు స్టీరింగు పట్టుకున్న హీరో మన వైపు తిరిగి నవ్వాడు. కుడి రొమ్ము మీది జేబులో తెల్ల రుమాలు రెపరెపలాడింది.

తాత అక్కడే ఆపి వివరించాడు. ఎంజీ టీసీలన్నీ కుడివైపు స్టీరింగుతోనే తయారయ్యాయి. ఎడమ స్టీరింగు దాని తరవాత వచ్చిన టీడీ అనే మోడల్‌కే ఉంది. కాబట్టి సినిమాలోది టీడీ.

“టీడీకి ముందు బంపరు ఉండాలి కదా తాతగారూ? చక్రాలు కూడా ఇంత ఎత్తుండవు,” అన్నాడు డిటెక్టివ్.

బంపరు ఎవరో పీకేసి ఉంటారని, చక్రాలు మార్చుకుని ఉంటారని తాత సర్దుకున్నాడు.

“హీరో వేషం ఎలా ఉంది?”

“హీరోనా?” తాత వింతగా చూశాడు. “వాణ్ణెవడు చూశాడు నాయనా? సౌండు కూడా పెట్టను నేను.”

 మరునాడు డిటెక్టివ్ కారు గలావిణ్ణి, తాతను, రేకుపనివాణ్ణి షెడ్డుకు పిలిపించాడు. ఇల్లాలు పాపతో గుమ్మంలోనే నిలబడింది, భర్త ఎటైనా కదిలితే అడ్డుపడేలా.

“ఇందులో దోషి ఉన్నాడు,” అన్నాడు డిటెక్టివ్. “కానీ ఈ షెడ్డులో లేడు. ఎప్పుడో ఆ సినిమాకు కత్తెర పట్టిన ఎడిటరు. హీరో ఎడమ వైపుకు వెళ్ళాడు. కారు మాత్రం కుడి వైపుకు పోతున్నట్టు తీశారు. అలాగే అతికిస్తే మనిషి ఒక దారి, బండి ఒక దారి పడతాయి. అందుకని ఆయన ఫిల్ము ముక్కను బోర్లా తిప్పి అతికించాడు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమైంది.”

వెంట తెచ్చిన ల్యాప్‌టాప్ తెర మీద రెండు దృశ్యాలూ పక్కపక్కన నిలబెట్టాడు. మెట్లు దిగేటప్పుడు ఎడమ జేబులో ఉన్న రుమాలు కారెక్కాక కుడి జేబులోకి వచ్చింది. కోటుకు అటుపక్క జేబే ఉండదు. రెండో దృశ్యాన్ని అటుదిటు తిప్పాడు. రుమాలు తన చోటికి వచ్చింది. స్టీరింగు కుడివైపుకు వచ్చింది. సొట్ట కుడి మడ్‌గార్డు మీదికి వచ్చి కూర్చుంది.

“పుట్టీ కింద ఈయన సాపు చేసింది ఆ సొట్టే. తాతగారు స్టీరింగు కోసం బంపరు పీకారు, చక్రాలు మార్చారు. పాపం, హీరోని ఒక్కసారి చూసి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు.”

అసిస్టెంటు అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. కారు గలావిడ లేచి వెళ్ళి, రేకుపనివాడి ముందు నిలబడి, తప్పయిపోయింది తమ్ముడూ అంది. అతను తలూపాడు. బొటనవేలితో కుడి మడ్‌గార్డు తడిమి, “ఇక్కడ ఇంకో పూత పడాలి,” అన్నాడు. ఇల్లాలు గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

తాత ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

షెడ్డు మళ్ళీ తెరిచారు. రేకుపనివాడు పని మధ్యలో సుత్తి ఆపి, ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో కనుక్కోమని పెళ్ళాన్ని పంపాడు. మాట పడ్డవాడి బాధ తనకు తెలుసన్నాడు. ఆమె పాపను చంకనేసుకుని వెళ్ళి తలుపు కొట్టింది. ఒంట్లో నలతగా ఉంది, తరవాత రా అమ్మా అని లోపలినుంచి గొంతు వినిపించింది. మళ్ళీ వెళితే ఆ గొంతూ లేదు. కిటికీకి తెర వేసి ఉంది. వెనకగదిలో పంపు తిప్పిన చప్పుడై, ఆగిపోయింది.

ఆ ఇల్లాలు పిలిస్తే పలకలేదు. ఈ కథ చదువుతున్న మీలాంటి వాళ్ళు పిలిస్తే పలుకుతాడేమో. అటువైపు వెళ్ళే పని ఉంటే ఆ తలుపు ఒకసారి తట్టండి. తప్పు సంగతి ఎత్తకండి. ఏదైనా పాత సినిమాలో కారు పేరు తెలియడం లేదని చెప్పండి. తలుపు తీసేదాకా అక్కడే ఉండండి.