పాపక్క తడిగుడ్డ

మదనపల్లెలో ప్రైవేట్ డిటెక్టివ్‌కు పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీయడమే పెద్ద పని. అందుకే కుప్పం నుంచి ఒక కంప్యూటర్ మాస్టారు చెమటలు కక్కుకుంటూ మేడమెట్లెక్కి వచ్చి, చచ్చిపోయిన కంప్యూటర్ సంగతి మొదలుపెట్టగానే వీణ కుర్చీలో ముందుకు జరిగింది. ఆమె సహాయకుడు అజ్మతుల్లా ఫ్యాను పెంచి, మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

వచ్చినాయన పేరు గురుమూర్తి. ఒక చిన్న శిక్షణ కేంద్రంలో పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నేర్పుతాడు.

"ఆయుధపూజకని మా దగ్గర ఊడ్చి తుడిచే పాపక్క గదంతా కడిగి, మెయిన్ కంప్యూటర్‌ను తడిగుడ్డతో తుడిచి బొట్లు పెట్టింది మేడం. మర్నాడు చూస్తే అది లేవలేదు. తడి తగిలి మదర్‌బోర్డు పోయిందని మా ఓనర్ ఉషా మేడం ఆయమ్మను పనిలోంచి తీసేసినారు. ఆయమ్మ చెయ్యి తగిలితే మిషన్లు చస్తాయని ఊర్లో ఇంకెవరూ పనికి పిలవడం లేదు."

"కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడుంది?"

"పుంగనూరులో అలావుద్దీన్ అంగట్లో పడేసినారు. బోర్డూ పోయింది, డిస్కూ ఖాళీ. పాఠాలకేం బాధ లేదు, ముందే కాపీ తీసి పెట్టుకోనుండా."

"మీకెవరి మీదైనా అనుమానముందా?"

"ఎవరు చేసినారో మాకు అక్కర్లేదు మేడం. పాపక్క చెయ్యలేదని తేలితే చాలు." అంటూనే గురుమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన వెళ్ళాక అజ్మతుల్లా గుండె కరిగిపోయింది. "కసువు చిమ్మే ఆయమ్మ కోసం ఇంత దూరం వచ్చినాడంటే దేవుడిలాంటి మనిషి మేడం."

"దేవుడికి అన్ని చెమటలు ఎందుకు పట్టాయో," అంది వీణ.

మరునాడు ఇద్దరూ పుంగనూరు వెళ్ళారు. ఆ కంప్యూటర్‌ను అమ్మిందీ, బాగు చేసేదీ అలావుద్దీనే. పాత ప్రింటర్ల కింద నుంచి దాన్ని లాగి బల్ల మీద పెట్టాడు. పైన కుంకుమ బొట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"తడి తగిలిందంట, తెరిచి లాభం లేదని సెప్పి పంపినారమ్మా. నేనూ తెరవలే. సూడండి, నేను అంటించిన సీలు అట్లే ఉండాది."

వీణ సీలును వేలితో తడిమి చూసింది. చెక్కు చెదరలేదు. వాళ్ళ ఎదుటే అలావుద్దీన్ దాన్ని చించి కేబినెట్ తెరిచాడు. లోపల బోర్డు పొడిగా, మచ్చ లేకుండా ఉంది. కరెంటు ఇస్తే ఫ్యాను తిరిగింది గానీ, తెర మీద కంపెనీ పేరు కూడా రాలేదు. తరువాత డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించి చూశాడు. అందులో ఒక్క ఫైలు కూడా లేదు.

"తడి తగిలితే బోర్డు పోవచ్చు. డిస్కు లోపల తుడుచుకొని పోదు కదమ్మా," అన్నాడు అలావుద్దీన్ బుర్ర గోక్కుంటూ. "ఎందుకట్లయిందో నాకూ తెలీదు."

ఆ మర్నాడు కుప్పం చేరేదాకా బస్సులో వీణ ఫోనులోంచి తలెత్తలేదు. మేడం చదువుతోందంటే ఎవరికో మూడిందని అజ్మతుల్లాకు అనుభవం. అతను కిటికీ వైపు తిరిగి నోరు మూసుకుని కూర్చున్నాడు.

శిక్షణ కేంద్రంలో ఉషా, గురుమూర్తి, ఇంకో మాస్టారు పురుషోత్తం కూర్చున్నారు. పాపక్కకు కబురు చేస్తే వచ్చింది గానీ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఈడే ఉంటా తల్లీ. లోపల మిషన్లు ఉండాయి," అంది. ఇంట్లో మనవడి ఫోను కూడా ముట్టుకోవడం మానేసిందట. చేయని తప్పును తానే చేశానని ఆ మనిషి పూర్తిగా నమ్మేసింది. అది చూసి వీణకు నిజంగా కోపం వచ్చింది.

"మెయిన్ కంప్యూటర్ అసలు పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకూ, గురుమూర్తి సార్‌కూ," అన్నాడు పురుషోత్తం. "నేను పండగకు ముందే గుడుపల్లెకు పోయినా. వచ్చేలోపల ఇదంతా అయిపోయింది."

"అవును, ఆయన లేడు," అంది ఉషా.

వీణ లేచి నిలబడింది. "డిస్కులో ఉన్నదంతా తుడిచెయ్యమని లినక్స్‌లో ఒక ఆజ్ఞ ఉంది. చాలామంది అది డిస్కుతో ఆగుతుందనుకుంటారు. బోర్డుకు సొంత జ్ఞాపకం ఉంటుంది. ఎక్కడి నుంచి మొదలవ్వాలో అందులోనే రాసుకుంటుంది. లినక్స్‌లో అది కూడా ఒక ఫోల్డరులా కనిపిస్తుంది. అన్నీ తుడవమంటే దాన్నీ తుడిచేస్తుంది. మంచి బోర్డులు తట్టుకుంటాయి. కొన్ని నాసి బోర్డులు మళ్ళీ లేవవు. కొత్త లినక్స్‌లో దానికి అడ్డు పెట్టారు. మీది పాతది."

"మరి బోర్డు రాసుకున్న పాత పేర్లు తీసెయ్యాలంటే?" అడిగింది ఉషా.

"దానికి వేరే పనిముట్టు ఉంది. అక్కర్లేని పేరు ఒక్కటి చూసి తీసెయ్యాలి. ఆ ఫోల్డరును చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా ఉంచాలి. అన్నీ తుడవమంటే కంప్యూటర్ కూడా ఊరికే వినదు, వద్దంటుంది. వద్దన్నా వినకుండా ఎవరో ఇంకో మాట కలిపి కొట్టారు." వీణ గురుమూర్తి వైపు తిరిగింది. "మాస్టారూ, సీలు విప్పింది నిన్న, మా ఎదుట. లేవని కంప్యూటర్‌లో డిస్కు ఖాళీ అని మీకు మొన్ననే ఎలా తెలిసింది?"

అజ్మతుల్లా నోరు తెరుచుకుని తమకు పని అప్పగించిన మనిషి వైపే చూశాడు.

"పాపక్క చెయ్యలేదని నిరూపించమన్నారు. దానికి నాకు ఇంకో దారి లేదు," అంది వీణ.

"పండగకు కొత్త లినక్స్ ఎక్కిద్దామనుకున్నా," అన్నాడు గురుమూర్తి. "పూజ అయినంక ఒక్కడినే ఉంటి. ఆ ఆజ్ఞ కొట్టొద్దని ఇన్నేండ్లుగా పిల్లోళ్ళకు చెప్తాండా. ఎట్లాగూ తుడిచేదే కదా, కొడితే ఏమవుతాదో చూద్దామనిపించింది. నేను చేసింది అంతే."

"అంతే కాదు సార్," అంది ఉషా. "తడి తగిలితే బోర్డు పోతుందా అని నేను అడిగినాను. పోవచ్చు మేడం అన్నారు. తడిగుడ్డతో గొంతు కోసినారు కదా. నేను కూడా ఏమీ విచారించకుండా ఆయమ్మను అందరి ముందూ తిడితిని." ఆమె ముఖం నల్లబడిపోయింది.

గురుమూర్తి గడప వైపు తిరిగి చేతులు జోడించాడు. "పాపక్కా, నువ్వు పోయినప్పటి నుంచి నాకు తిండి సయించలేదు."

పాపక్క ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే గురుమూర్తి తట్టుకునేవాడేమో.

"అందరూ నన్ను తిడతాంటే నువ్వొక్కడివే ఏమీ అనకుండా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తివే సార్," అంది. "నా కోసరం బాధపడినాడు, సల్లగా ఉండాలని దినామూ నీ పేరు సెప్పుకొని దీపం పెడతాండాను. ఈ పొద్దు గూడా పెట్టే వచ్చినా."

గురుమూర్తి లేచి నిలబడ్డాడు గానీ ఆమె వైపు ఒక్క అడుగు కూడా వేయలేకపోయాడు.