ఈల రాని చోట

బకెట్ నీళ్లలో గ్లాసును బోర్లించి తిన్నగా ముంచి చూడండి. లోపలికి నీళ్లు నిండవు. అప్పటికే అక్కడ గాలి కూర్చుని ఉంటుంది, చోటివ్వదు. వంతెన పునాది తవ్వే ఇనుప తొట్టి కూడా అలా బోర్లించిన గ్లాసే. దాన్ని నది అడుగుకు దించి, నీళ్లు చొరబడకుండా పైనుంచి గాలి కుక్కుతారు. ఆ చిక్కటి గాలిలోనే కూలీలు మట్టి తవ్వుతారు.

పైకొచ్చే దారిలో రెండు తలుపుల చిన్న గది. మనిషిని అందులో కూర్చోబెట్టి ముప్పావుగంట సేపు కొద్దికొద్దిగా గాలి బయటికి వదలాలి. సోడా మూత ఒక్కసారిగా పీకితే ఏమవుతుంది? బుస్సున పొంగుతుంది. మనిషి నెత్తురూ అంతే.

గాలి వదిలే చక్రం దగ్గర కూర్చునేది బావ. కింద తవ్వే బామ్మర్ది అలా పిలిచీ పిలిచీ అందరికీ బావే అయిపోయాడు. కిందటి వారం, పైకి రాగానే ఈలపాట అందుకునే ముసలి కూలీ ఈలతాత పైకొస్తుంటే, "అన్నం చల్లారిపోతోంది తాతా" అంటూ చక్రం పూర్తిగా తిప్పేశాడు. తాతకు చెవుల్లోంచీ కళ్లల్లోంచీ నెత్తురు. గుండె ఆగి చచ్చిపోయాడని బావే చెప్పాడు. అందరూ నమ్మారు.

ఇవాళ మిట్టమధ్యాహ్నం బామ్మర్ది ఆ రెండు తలుపుల గదిలోకి వచ్చాడు. చక్రం పక్కన ఫోను మోగింది.

"బావా, ఈల వేస్తున్నావా?"

"నాకేం పనిలేదనుకున్నావురా?"

"మరి ఇక్కడెవరో..."

"నీ మొహం. ఆ గాలిలో ఈల రాదు. ఎంత ఊదినా తుస్సే."

"బావా... నా వెనకే..."

ఫోనులోంచి ఈల. సన్నగా... తాత పాటే.

తర్వాత ధన్ ధన్‌మని ఇనుముకు తల మోదుతున్న చప్పుడు. గది తలుపుకున్న గుండ్రటి అద్దం మీద నెత్తురు చిమ్మింది. అందులోంచి బామ్మర్ది మొహం. మెడ చుట్టూ ముడతలు పడ్డ చేతులు.

"తియ్యి బావా... చంపేస్తున్నాడు..."

తీస్తే సోడా. తీయకపోతే... ఇంట్లో ఆవిడకి తమ్ముడేమయ్యాడని చెప్పాలి?

చక్రం తిప్పేశాడు. గాలి భోరుమంది. తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

ఎవరూ లేరు. అద్దం శుభ్రంగా ఉంది.

వెనక తలుపు మూసుకుంది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఒత్తిడి చూపే ముల్లు పైకి... ఇంకా పైకి... ఈల వేసి ఎవరినైనా పిలుద్దామని పెదాలు బిగించాడు.

తుస్సు.

గోడ ఫోను మోగింది. "బావా, ఇంకా కిందే ఉన్నా. పైకి ఎప్పుడు రమ్మంటావ్?"

"రాకు! పైకి రాకురా!"

ఫోను చచ్చిపోయింది.

చిక్కటి గాలి నెత్తుట్లో ఇంకడానికి టైము పడుతుంది. గంట గడిచింది. అవతల ఎవరో ఈల వేసుకుంటూ ఓపిగ్గా కూర్చున్నారు.

ఈల ఆగింది. అద్దం అవతల, ముడతలు పడ్డ చెయ్యి చక్రం మీద వాలింది.

చచ్చిన ఫోనులోంచి గుసగుస...

"అన్నం చల్లారిపోతోంది, మనవడా."