రేగడి నేలలో పిల్లర్ 147

ఏప్రిల్ 16, గురువారం ఉదయం 6.10కి విరుదునగర్‌లోని ఒక లాడ్జి గదిలో ట్రాక్ ఇంజనీరు రాఘవేంద్రన్ శవం దొరికింది. మెడకు ఛార్జర్ వైరు బిగించి ఉంది.

ఆ రోజు 11.30కి విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి హైస్పీడ్ రైలు తొలి ట్రయల్. అందులో 312 మంది వెళ్తారు. ట్రయల్ నెగ్గితే దేశమంతటా నాలుగు వేల కిలోమీటర్ల లైన్‌కు అనుమతి వస్తుంది. అది రాకుండా చూడటానికి ఒక విదేశీ ముఠా పనిచేస్తోందని నిఘా విభాగానికి మార్చిలోనే తెలుసు.

మదురైలో ఏజెంట్ హరికృష్ణన్‌కు చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ రెండు నిమిషాలు.

"జాజి మెసేజ్ పంపింది. సరుకు సాత్తూరు వంతెన కింద ఉందట."

జాజి అంటే ఈ రైలు ప్రాజెక్టు ప్రచార అధికారి సంగవి. ముఠా దగ్గరా, నిఘా విభాగం దగ్గరా జీతం తీసుకునే మనిషి.

"నమ్మారా?"

"బాంబ్ స్క్వాడ్‌ను పంపాను. నువ్వు ఇంకోచోటు చూడు. నిన్న రాఘవేంద్రన్ ఫోను ఎట్టయాపురం రోడ్డు పక్క చేలో అరగంట ఉంది. అక్కడ పట్టాలను మోసే పిల్లర్లు తొమ్మిది."

"ముందు రైలు ఆపించండి."

"ఈ వారం రెండుసార్లు ఆపించాం. రెండూ ఉత్తవే. ఈసారి కంటితో చూస్తేనే ఆపుతారు."

10.50కి హరికృష్ణన్ పంట నష్టం ఆఫీసరు వేషంలో ఆ చేలో దిగాడు. వెంట తెచ్చిన, నేల లోపల వెతికే రాడార్ సిగ్నల్ జిగట రేగడిలో జానెడు లోతు కూడా దిగలేదు. చేను సొంతదారు పొన్నమ్మాళ్ పార ఆనుకుని చూస్తోంది.

"ఆ మిషను యేమి సూపిస్తాది సామీ?"

"యేమీ సూపీలేదవ్వా."

"అట్లయితే మోసేదెందుకు?"

11.15కి సంగవి కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల చుడీదార్. "హరీ, ఇక్కడ టైం వేస్ట్. సాత్తూరు పద."

పొన్నమ్మాళ్ 147వ పిల్లర్ మొదట్లో నేలను చూపించింది. "సామీ, చిత్తిర ఎండకి ఈ నల్ల కరిసల్ మన్ను చెయ్యి దూరేంత పగిలుండాది. ఈడ మాత్రం పగులు లేదు. ఎవురో తవ్వి పూడ్చినారు. పగులు మళ్లా తెరవాలంటే ఒక వాన, ఒక ఎండ కావాల. సేద్యం తెలిసినోడు చేసిన పని గాదు."

హరికృష్ణన్ పార అందుకున్నాడు. సంగవి కారు వైపు నడిచింది. పది అడుగుల తర్వాత పరుగెత్తింది.

"ఆ పాప యేమి అట్ల పరిగెత్తతాది?"

"నువ్వూ పరిగెత్తవ్వా."

"నా చేను ఇడిసి యాడికి పోయేది?" ఆమె చేతులతో మన్ను తోడింది.

11.38కి ప్లాస్టిక్ డ్రమ్ మూత బయటపడింది. లోపల టైమర్ 11.43కి పెట్టి ఉంది. హరికృష్ణన్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "పిల్లర్ 147. చూశాను."

11.42కి రైలు పిల్లర్‌కు నాలుగు వందల మీటర్ల ముందే ఆగింది. అతను డిటొనేటర్‌ను డ్రమ్ నుంచి ఊడలాగి, దూరంగా ఒక నేల పగులులోకి విసిరాడు. అది 11.43కి అక్కడే పేలింది. డ్రమ్‌లో నలభై కిలోల పేలుడు మందు ఉంది.

సంగవి కారు 1.10కి పుదూరు రోడ్డులో దొరికింది. ఆమె డ్రైవింగ్ సీటులో ఉంది. తలలో ఒక తూటా ఉంది.

2.30కి ప్రాజెక్టు ప్రకటన వెలువడింది. పట్టాల మీదికి ఆవు రావడంతో రైలు ఆగిందని అందులో ఉంది. ఆ చోట పట్టాలు నేలకు పన్నెండు మీటర్ల ఎత్తున ఉన్నాయి.