ఏడో పేజీలోని తాత

"మా మేనమామ పోయాడండీ. ప్రకటన వేయించాలి."

కౌంటర్ వెనక కూర్చున్న ఊయ్ బెంగ్ సూన్ తల ఎత్తలేదు. "ఒక కాలమా, రెండు కాలాలా?"

"రెండు. చుట్టూ నల్ల గీత మాత్రం వద్దు."

పెన్సిల్ ఆగింది. జార్జ్‌టౌన్‌లో చచ్చినవాళ్ళ పేర్లు ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాడాయన. నల్ల గీత వద్దన్న ఇల్లు ఇంతవరకూ ఒక్కటీ లేదు. వద్దనేది హెడ్‌క్వార్టర్స్ ఒక్కటే. చివరిసారి అన్నది తొమ్మిదేళ్ళ క్రితం.

ఎదురుగా ఉత్తర ప్రాంత గూఢచారి శాఖ చీఫ్ అజ్మీ నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళ కుర్రాడు. బెంగ్ సూన్ ఈ పత్రికలో చేరేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు.

"పాత పేపర్లు చూడాలేమో, లోపలికి రండి," అన్నాడు బెంగ్ సూన్, పక్కనున్న గుమాస్తాకు వినపడేలా. మోకాలు పట్టుకుని లేచాడు.

ఒకప్పుడు విదేశీ ముఠాలు పత్రికల్లోని చిన్న ప్రకటనల ద్వారా కబుర్లు పంపుకునేవి. వాటి మీద కన్నేయడానికి శాఖ ఆయన్ని ఈ హై టోంగ్ దినపత్రికలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత ముఠాలు రేడియోల్లోకి మారిపోయాయి. ఈయన్ని కుర్చీలోంచి లేపాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మారువేషం కాస్తా ఉద్యోగమైంది. ఇంకో రెండు నెలల్లో పెన్షన్.

పాత సంపుటాల గదిలో బూజు వాసన. అజ్మీ తలుపు మూశాడు.

"టాన్ వీ కియాట్ అని ఒకడు బాబాయ్. ముప్ఫై నాలుగేళ్ళు. మిత్రదేశం పాస్‌పోర్టు. మూడు వారాల క్రితం దిగాడు. టాన్ గిమ్ లియాన్ అనే పెద్దావిడ ఇంట్లో ఉంటున్నాడు. ఆవిడ అన్న కొడుకునంటున్నాడు."

బెంగ్ సూన్ మొహం విప్పారింది. "దొరికాడా! 1941లో ఓడెక్కి మాయమైన చిన్ హో కొడుకా?"

"నీకెలా తెలుసు?"

"ఏటా మార్చి చివరి వారం వస్తుందయ్యా ఆవిడ. 'అన్న టాన్ చిన్ హో జాడ తెలిసినవారు తెలుపగలరు.' ఒక్క అక్షరం మార్చనివ్వదు. ఈ ఏడు రాలేదు. పోయిందేమో అనుకున్నా. మళ్ళీ నా ఏడో పేజీ చావు ప్రకటనల్లో పడలేదు కదా, బతికే ఉందిలే అని సరిపెట్టుకున్నా."

"సంతోషం తర్వాత పడుదువుగాని. వాడు మేనల్లుడో దొంగో రేపటికల్లా తేల్చాలి."

సంగతి ఇది. గిమ్ లియాన్ కొడుకు లిమ్ టీక్ ఊన్ రేవు రాడార్ కేంద్రానికి అధికారి. సముద్రం మీది నౌకల రహస్య కోడ్ నెలనెలా మారుతుంది. ఆ కోడ్ కార్డు సీలు కవర్లో టీక్ ఊన్ చొక్కా జేబులోనే ఉండాలి. ఒంటి మీంచి తీయరాదని రూలు. కార్డు ఒక్కసారి ఫొటోకి దొరికితే నెల రోజులపాటు మన పడవలన్నీ శత్రువు అరచేతిలో ఉన్నట్టే.

"రేపు చెంగ్ బెంగ్, పెద్దల పండగ," అన్నాడు అజ్మీ. "ఇంటిల్లిపాదీ సమాధుల కొండకి పోతారు. గడ్డి కొయ్యాలిగా, మగాళ్ళు చొక్కాలు విప్పుతారు. రూలు రాసినవాడికి గడ్డి సంగతి తట్టలేదు. రెండింటికి వీడికి విమానం."

"అసలు దొంగొకడు దిగాడని ఎవరన్నారు?"

"రోసలిండ్."

బెంగ్ సూన్ నిట్టూర్చాడు. రోసలిండ్ యియోని ఎరగనిదెవరు? ముత్యాల దుకాణం యజమానురాలు, ఊరందరి కళ్ళూ తిప్పుకునే అందగత్తె. పదేళ్ళుగా మనకూ పని చేస్తుంది, వాళ్ళకూ పని చేస్తుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత శ్రద్ధగా తన చాంగ్‌సామ్ గౌను మడతలు చూసుకుంటూ నిలబడగల మనిషి.

"తప్పిపోయిన బంధువు వేషంలో ఒకడు దిగాడని ఆమెకి తెలుసు. ఎవరింట్లోనో చెప్పలేదట. రేపు మధ్యాహ్నం కొండదారి మలుపులో కారుతో నిలబడమన్నారు. కోడ్ మాట చెప్పినవాడి దగ్గర సిగరెట్ లైటర్ తీసుకోవాలి. లైటర్లో కెమెరా ఉంటుంది. కానీ ఆమె మాట నమ్మి కూర్చోలేం."

"అరెస్టు చేసెయ్యండి మరి."

"నిజంగా మేనల్లుడైతే? ఎంబసీ నా పీక మీద కూర్చుంటుంది. ఆ ముసలావిడ గుండె ఆగుతుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి బాబాయ్, ఒక్క తప్పు లేదు. ఇంటి ముచ్చట్లు కూడా గడగడా చెబుతాడు. మా వాళ్ళు రాసుకొచ్చారు, ఇదిగో."

అజ్మీ వెళ్ళాక బెంగ్ సూన్ సంపుటాలు దించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి మూడు వీశెల బరువుంది. దుమ్ముకి దగ్గు వచ్చింది. ఎన్ని కుటుంబాలకు ఈ గదిలో తాతముత్తాతల్ని వెతికి పెట్టాడో లెక్క లేదు. పెళ్ళి ప్రకటనలో కోడలి పుట్టిల్లు దొరుకుతుంది. చావు ప్రకటనలో కొడుకులు, కోడళ్ళు, మనవలు వరసగా ఉంటారు. దూరాన ఉన్నవాడికి కూడా అతని చోటు అతనికే ఉంచుతారు.

వీ కియాట్ చెప్పిన ముచ్చట్లు ఒక్కొక్కటీ దొరుకుతూ వచ్చాయి. 1946లో దుకాణం మళ్ళీ తెరిచారన్నాడు. ఉంది. 1949లో చిన్నత్త పెళ్ళి ఫలానా హోటల్లో అన్నాడు. ఉంది. 1951లో తాత టాన్ బూన్ లిప్ పోయాడన్నాడు. ఏడో పేజీలో నల్ల గీత మధ్య తాత ఉన్నాడు. 'డెబ్బై నాలుగేళ్ళు జీవించి' అని ఉంది.

బెంగ్ సూన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అచ్చయిందంతా ఈ కుర్రాడికి తెలుసు. అచ్చులో లేని ముక్క ఒక్కటీ తెలియదు. కానీ అది రుజువు కాదు. తండ్రి తక్కువ మాట్లాడే మనిషై ఉండొచ్చు. రుజువు కావాలంటే అచ్చులో తప్పు ఉండాలి, ఆ తప్పు వీడి నోట పలకాలి.

సాయంత్రం నాలుగింటికి 1940 సంపుటం దించాడు. యుద్ధానికి ముందువి మైక్రోఫిల్మ్ తీయించలేదు, ఈ ఒక్క ప్రతే మిగిలింది. సగం చెదలు తిన్న పేజీలో బూన్ లిప్ అరవయ్యో పుట్టినరోజుకు మిత్రుల శుభాకాంక్షలు కనబడ్డాయి. నలభైలో అరవై అయితే యాభై ఒకటిలో డెబ్బై ఒకటి కావాలి. చావు ప్రకటనలో డెబ్బై నాలుగు.

బెంగ్ సూన్‌కు ఆశ్చర్యం వేయలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ లెక్క ఆయన చేతి మీదుగానే జరుగుతోంది. పోయినవాడి వయసుకు ఇక్కడ మూడేళ్ళు కలుపుతారు. ఆకాశానికొకటి, భూమికొకటి, మనిషికొకటి. కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. దూరదేశంలో బల్ల ముందు కూర్చుని మైక్రోఫిల్మ్ చూసి కథ అల్లినవాడు మాత్రం ఉన్నదున్నట్టు తీసివేసి ఉంటాడు. అప్పుడు పుట్టింది 1877, చైనా పంచాంగంలో ఎద్దు సంవత్సరం. అసలు పుట్టింది 1880, డ్రాగన్ సంవత్సరం. ఎద్దునైనా మరుస్తారేమో గానీ, తాత అదృష్టపు డ్రాగన్ అయితే పక్కింటి వాళ్ళకి కూడా కంఠస్థమై ఉంటుంది.

కుర్రాడు డ్రాగన్ అనాలని ఆయన మనసారా కోరుకున్నాడు. ఈ శాఖలో చేరాక శత్రువు నిజం చెబితే బాగుండునని అనుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు పదకొండింటికి కొండంతా పొగ. అగరొత్తులు, కాలుతున్న కాగితపు డబ్బు, ఎండ. దిగువన అజ్మీ కొబ్బరి బోండాలవాడి వేషంలో కత్తి పట్టుకుని చేతులు కోసుకుంటున్నాడు. బెంగ్ సూన్ ఏ వేషమూ వేయలేదు. చావు ప్రకటనల గుమాస్తాగా, జేబులో శాఖ ఇచ్చిన రేడియో పెన్నుతో మెట్లెక్కాడు. పెన్నులోని రేడియో చెడిపోయి చాలా ఏళ్ళయింది. రాయడానికి బాగానే ఉంది.

టాన్ వారి సమాధి దగ్గర టీక్ ఊన్ బనీనుతో గడ్డి నరుకుతున్నాడు. వీ కియాట్ నీళ్ళ బిందె దించి చెమట తుడుచుకున్నాడు. బావగారి చొక్కా అతని మోచేతి మీద వేలాడుతోంది. రెండో చేతిలో వెండి లైటర్ ఉంది. పని అయిపోయిందన్నమాట.

"వచ్చావా నాయనా!" రాతి అరుగు మీద కూర్చున్న గిమ్ లియాన్ నవ్వింది. డెబ్బై ఆరేళ్ళు, పళ్ళన్నీ కట్టుడివే. "ఇడుగో మా అన్న కొడుకు. చూడు ఎంత సన్నబడ్డాడో, మీ పేపర్లో కంటే."

"నా ఫొటో పేపర్లో ఎప్పుడు పడింది అత్తా?"

"పడలేదనే అంటున్నా. వెతికి వెతికి కళ్ళు పోయాయి."

బెంగ్ సూన్ పెన్ను తీశాడు. "పెద్దమ్మా, ఈ ఏడు వెతుకులాట ప్రకటన మానేసి, మీ నాన్నగారి స్మారక ప్రకటన వేద్దామని వచ్చా. కొడుకు వైపు మనవడు చెబితేనే అందం. బాబూ, తాతగారిది ఏ సంవత్సరం?"

"ఎద్దు," అన్నాడు వీ కియాట్ తడుముకోకుండా. "నాన్న ఎప్పుడూ అనేవాడు. ఎద్దు సంవత్సరంలో పుట్టాడు కాబట్టే తాతకి అంత మొండితనం అని."

బెంగ్ సూన్ ఆ మాట రాసుకున్నాడు. ముసలావిడ వైపు చూడలేక టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది సంకేతం. దిగువన అజ్మీ బోండాలు వదిలేసి మెట్లెక్కాడు.

కొబ్బరి బోండాలవాడు పరుగెత్తడం వీ కియాట్ కూడా చూశాడు. చొక్కా పారేసి, సమాధుల మధ్యనుంచి రెండో వైపుకి దూకాడు. బెంగ్ సూన్ వెంటపడ్డాడు. పది అడుగులకి మోకాలు ఒప్పుకుంది, పదకొండో అడుగుకి ఒప్పుకోలేదు.

మలుపులో తెల్లకారు ఆగి ఉంది. పక్కన ఆకుపచ్చ చాంగ్‌సామ్, పట్టు గొడుగు. రోసలిండ్.

"ఈ ఎండకి గొడుగు ఆగదు!" అరిచాడు వీ కియాట్. అదే కోడ్ మాట.

"ఆగకపోయినా అందంగా ఉంటుంది," అంది రోసలిండ్. అది జవాబు. చెయ్యి చాచింది. లైటర్ ఆమె అరచేతిలో పడింది. వెనక తలుపు తెరిచే ఉంది. ఇంజన్ ఆడుతూనే ఉంది.

"రోసలిండ్!" ఇరవై గజాల ఎగువ నుంచి బెంగ్ సూన్ కేకేశాడు. "ఇవాళ ఎవరి మనిషివి తల్లీ నువ్వు?"

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బొటనవేలితో లైటర్ అడుగు తిప్పింది. సన్నటి ఫిల్మ్ చుట్ట ఎండలోకి బారెడు పొడవున జారింది. వీ కియాట్ ఆమె మీదికి దూకబోయేలోగా అజ్మీ వచ్చి నడుం పట్టుకున్నాడు.

"మా అమ్మ ఇదే కొండ మీద పడుకుంది సూన్," అంది ఆమె, వెలుగు సోకి పాడైన ఫిల్మ్ కింద పారేస్తూ. "మిగతా ఊళ్ళో ఎక్కడైనా సరే. ఇక్కడ ద్రోహం నావల్ల కాదు."

జీపు వచ్చేలోగా, చేతికి బేడీతో వీ కియాట్‌ని మళ్ళీ సమాధి దగ్గరికి నడిపించారు. బెంగ్ సూన్ ముందు వచ్చి, చెప్పాల్సిన మాట కోసం వెతుక్కున్నాడు. వేలమందికి చావు మాటలు అందంగా రాసి పెట్టినవాడికి ఒక్కటీ అందలేదు.

"పెద్దమ్మా... ఈ కుర్రాడు..."

"మా అన్న కొడుకు కాదు. తెలుసు," అంది గిమ్ లియాన్.

టీక్ ఊన్ కత్తి జారవిడిచాడు. "ఏంటమ్మా?"

"వచ్చిన మొదటి సాయంత్రమే ఎద్దన్నాడు. మా నాన్న డ్రాగన్. కాఫీ కొట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పుకునేవాడు." ఆమె రవిక లోపలినుంచి సీలు కవరు తీసి కొడుకు మీదికి విసిరింది. "ఇదిగో నీ సొత్తు. పొద్దున ఇస్త్రీ చేస్తూ మార్చేశా. వీడు మూడు వారాలూ నా మొహం కంటే నీ జేబే ఎక్కువ చూశాడు. జేబులోని కవర్లో ఉన్నది నా కంటి డాక్టరు అంకెల చీటీ. మళ్ళీ వెళ్ళాలి, పారెయ్యకు."

అజ్మీ నోరు తెరిచాడు. "మరి మాకు చెప్పొచ్చు కదా పెద్దమ్మా!"

"చెబితే ఆ సాయంత్రమే తీసుకుపోతారు కదా." ఆమె ఒళ్ళో పడ్డ అగరొత్తుల బూడిద దులిపింది. "రోజూ పొద్దుగూకాక కాళ్ళు పట్టేవాడు. అత్తా అని పిలిచేవాడు. మా అన్న పోయిన ముప్ఫై ఏడేళ్ళకి ఆ పిలుపు విన్నా నాయనా. దొంగదని తెలిసే విన్నా. చెంగ్ బెంగ్ దాకా ఉంచుకుందామనుకున్నా."

వీ కియాట్ తల వంచుకున్నాడు. ఎవరో వెక్కుతున్నారు. ఆ ఏడుపు ఎవరిదో కాసేపు తెలియలేదు. చూస్తే బెంగ్ సూన్‌దే.

"ఇక పదండి," అన్నాడు అజ్మీ ఇబ్బందిగా. "జీపు వచ్చింది."

"ఆగు!" కసిరింది గిమ్ లియాన్. "బిందెలతో నీళ్ళు మోశాడు కొండ మీదికి. నీళ్ళు మోసినవాడు తినకుండా పోడు, మా ఇంటి పద్ధతి. ఒరేయ్, ఆకు వెయ్యి."

నైవేద్యం పెట్టిన మాంసం, ఉడికించిన నత్తగుల్లలు, అన్నం. బేడీ లేని చేత్తో వీ కియాట్ తిన్నాడు. అందరూ తిన్నారు. చివరికి అజ్మీ కూడా కూర్చున్నాడు, ముస్లింగా తనకి తినదగినవి ఏరుకుని. ఆనవాయితీ ప్రకారం గుల్లల చిప్పలు సమాధి మీద చల్లాక ముసలావిడ అడిగింది:

"మా నాన్నది వదిలెయ్. మీ సొంత తాతది ఏ సంవత్సరం రా?"

కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. పరాయివాళ్ళ వంశం మూడు తరాలు గడగడా అప్పజెప్పినవాడు.

"తెలియదు అత్తా," అన్నాడు. "నన్ను చిన్నప్పుడే వాళ్ళు తీసుకుపోయారు. ఎవరూ చెప్పలేదు."

బెంగ్ సూన్ కళ్ళు తుడుచుకుని కాగితం తీశాడు. ఎద్దు అని రాసినచోట అడ్డంగా గీత కొట్టాడు. "పుట్టిన ఊరు గుర్తుందా? చెప్పు. ఊరన్నాక పేపరుంటుంది. పేపరన్నాక చావుల పేజీ ఉంటుంది. వెతుకుదాం."

వీ కియాట్ ఆయన మొహంలోకి చూశాడు. నెమ్మదిగా ఊరి పేరు చెప్పాడు. ఆ ముఠా పిల్లల్ని ఎక్కడినుంచి ఎత్తుకుపోతుందో హెడ్‌క్వార్టర్స్‌కు ఆరేళ్ళుగా అంతుబట్టలేదు.

అజ్మీ చెవి దగ్గరికి వంగాడు. "బాబాయ్, భలే విచారణ పద్ధతి! అకాడమీలో పాఠం పెట్టిస్తా."

బెంగ్ సూన్ పెన్నుకి మూత పెట్టాడు. ఆయన నిజంగా తాత కోసమే అడిగాడని చెబితే నమ్మేవాడు ఆ శాఖలో ఒక్కడూ లేడు.