కమ్మీ దించిన కుర్చీ

ముంట్ సూలేర్ కొండెక్కే, తీగకి వేలాడే కుర్చీల లిఫ్టులో ఏడో స్తంభానికి పేరు మంచిది కాదు. పగలు అక్కడి లోయ మీదుగానే బొచ్చుకోట్ల దొరసానులు ఒళ్ళో కుక్కపిల్లల్ని పెట్టుకుని కులాసాగా పోతుంటారు. వాళ్ళకేం తెలుసు...

వెనకటికి పైనున్న మనిషి చూసుకోక లిఫ్టు ఆపేస్తే, ఓ హోటల్ పనిపిల్ల అక్కడే, గాల్లోనే, కూర్చున్నది కూర్చున్నట్టు గడ్డకట్టుకుపోయిందట. అప్పట్నుంచీ కొన్ని సాయంత్రాలు, ఇక ఎవరూ రారని తెలిపే ‘ఆఖరు’ బోర్డు తగిలించిన కుర్చీకి ముందు ఒక కుర్చీ వస్తుంది — ఖాళీగా, మనిషి జారకుండా ఒడి మీదుగా వేసే అడ్డకమ్మీ దించి. సీటు మీద ఒక మనిషి మేర మంచు ఉండదు.

పైన కాపలా ఉండే డూరికి, అంతకుముందు ఆ పని చేసిన ముసలి బల్త్సర్ మొదటిరోజే చెప్పాడు. “కమ్మీ దించి వస్తే మొహం తిప్పుకోరా. చూశావంటే దిగుతుంది.”

ఆ రోజు పొద్దున డూరికి పెళ్ళాం మాద్లైనాతో పెద్ద గొడవ. “ఆ కుర్చీల్నే కట్టుకోవాల్సింది, నన్నెందుకు?” అంది. ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికెళ్ళి బతిమాలుకోవాలనుకున్నాడు.

చీకటి పడింది. మంచు కురుస్తోంది. మసకలోంచి కుర్చీలు... ఖాళీ... ఖాళీ...

తర్వాతదానికి కమ్మీ దించి ఉంది.

డూరి గభాలున మొహం తిప్పుకున్నాడు. గాలి హోరులో ఇంకేమీ వినిపించలేదు; వీపు వెనక కుర్చీ కీచుమంటూ చక్రం చుట్టూ తిరిగి కిందికి మళ్ళింది — ఎక్కణ్ణుంచో బార్లీ సూపు వాసన. ఆకలేస్తోంది కాబోలు అనుకున్నాడు.

బోర్డు వచ్చింది. సామాన్లు సర్దుకుని, లిఫ్టు ఆపే మీట నొక్కేసి, స్కీల మీద ఇంటికి దిగిపోయాడు. ఇంట్లో దీపం లేదు. అలిగి పుట్టింటికి పోయిందనుకుని పడుకున్నాడు.

తెల్లారి, కింద కుర్చీలెక్కించే కర్డిన్ కన్నుగీటాడు. “ఏంరా, రాజీ కుదిరిందా? నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది మీ ఆవిడ. సూపుగిన్నె పట్టుకుని, బోర్డుకి ముందు కుర్చీలోనే ఎక్కిందిగా.”

డూరి లిఫ్టు దారి వెంటే పైకి పరిగెత్తాడు.

మాద్లైనా ఏడో స్తంభం కింద లేదు. అక్కడ గిన్నె ఉంది. కాలు విరిగినా, పైన లిఫ్టు గదిలో వెలుగుతున్న దీపం కేసి రాత్రంతా పాక్కుంటూ చాలా దూరం వచ్చింది... ప్రాణం మాత్రం నిలవలేదు.

పైన ఆగిన కుర్చీకి కమ్మీ దించే ఉంది; మనిషి ఎలా పడిందో ఎవరూ చెప్పలేకపోయారు.

డూరి ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. ఇప్పుడు మొహం తిప్పుకోడు. కమ్మీ దించిన కుర్చీ వస్తే లిఫ్టు ఆపి, తన చేత్తో కమ్మీ ఎత్తి, పక్కకి తప్పుకుని దారిస్తాడు.

ఆ సీటు మీద ఇప్పుడు ఇద్దరు మనుషుల మేర మంచు ఉండదు.