గుమస్తా నంబరు

బండి జారుతుంది... బ్రహ్మాజీ కాలు ఆనించి నిలబెట్టుకుని, మళ్ళీ రేజ్ చేస్తాడు.

మాచర్ల రోడ్డు. అప్పుడే చీకటి పడింది. దూరంగా దాబా లైట్లు.

కొండలు అక్కడే ఉన్నాడు. బ్రహ్మాజీ విత్తనాల కొట్టులో గుమస్తా. శ్రీను మనుషులు కొట్టు ముందే జీపెక్కించి తీసుకుపోయారు.

తప్పు కొండలుది కాదు. తనది.

దాబా ముందాగిన నకిలీ పత్తి విత్తనాల లారీని ఫొటో తీసి, దొంగ పేరుతో ఫేస్‌బుక్‌లో పెట్టింది తనే. రైతుల మీద జాలితో కాదు. తన బేరం పడిపోతుందని. లారీని పోలీసులు పట్టుకున్నారు. లారీ, దాబా రెండూ శ్రీనువేనని తర్వాత తెలిసింది.

సొంత సిమ్ వాడితే దొరికిపోతానని దాబా ఫ్రీ వైఫై వాడాడు. అది నంబరడిగింది. ఎవరడిగినా గుమస్తా నంబరివ్వడం బ్రహ్మాజీకి అలవాటు.

"ఒరేయ్ కొండలూ, ఓటీపీ వచ్చిద్ది, చెప్పు."

వాడు చెప్పాడు. వైఫైలో ఆ నంబరే శ్రీనుకి దొరికింది.

అదీ బేరం. లాభం తనకి, నష్టం వాడికి.

దాబా వెనక గది తలుపు నెడతాడు.

కొండలు నేల మీద. పెదవి చిట్లింది. ఎదురుగా శ్రీను... చేతిలో పిస్టల్.

'నేనే' అనాలి. దారంతా అనుకున్న మాట.

"ఏంది శ్రీనూ, మావాడేం చేశాడు?"

ఆ మాట తన నోటిదే. సిగ్గుతో చెవులు కాలిపోతాయి.

"లారీ పట్టించింది తనేనంటన్నాడు." శ్రీను కొండలు ఫోన్ ఎత్తి చూపిస్తాడు. బటన్ల ఫోన్. "ఈ డబ్బాకి వైఫై ఎట్టా వచ్చిద్ది బావా?" కొండలు వైపు తిరుగుతాడు. "ఓటీపీ ఎవరికి చెప్పావురా?"

"మర్చిపోయా."

"చానా మతిమరుపే నీకు."

పిస్టల్ కొండలు కణతకి ఆనుతుంది.

కొండలు తన వంక చూడడు. చూస్తే యజమాని దొరికిపోతాడని. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

బ్రహ్మాజీ నోరు తెరుస్తాడు...

టింగ్!

శ్రీను తన ఫోన్ చూసుకుంటాడు. నవ్వుతాడు.

"ఆ టైంలో వైఫైలో ఉంది ఒక్క ఫోనే. అది మళ్ళీ కలిస్తే మోగేట్టు పెట్టించా. ఒకసారి కలిసిన ఫోన్ దానంతటదే కలుస్తది బావా... ఇప్పుడే కలిసింది."

గదిలోకి కొత్తగా వచ్చింది బ్రహ్మాజీ ఒక్కడే.

పిస్టల్ ఇటు తిరుగుతుంది.

"చెబుదామనే... వచ్చా."

"అవునా?"

కొండలు అప్పుడు తలెత్తుతాడు. ఆ కళ్ళల్లోనూ నమ్మకం లేదు.

ముందు ఆ చూపు తగులుతుంది.

తర్వాతే తూటా.