కావలి పంపిన తాఖీదు

2071లో ఒంగోలులో దోసె తినాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. "కారం తక్కువన్నారు. గుర్తుపెట్టుకోమంటారా, మరిచిపొమ్మంటారా?" అని హోటల్ యంత్రం వినయంగా అడుగుతుంది. మరిచిపొమ్మంటే అక్కడికక్కడే మరిచిపోతుంది. ఒకప్పుడు కుక్కర్ ధర అడిగిన పాపానికి ఆరు నెలలు కుక్కర్ల ప్రకటనలు వెంటపడేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ మార్పు తెచ్చిన డాక్టర్ తన్మయిది ఈ ఊరే. గోప్యతా చట్టం ఎప్పుడో వచ్చింది కానీ, ఎవరి వివరాలు ఎవరు తెరిచారో పట్టుకునే దారి ఉండేది కాదు. ఆమె ప్రతి మనిషి డేటాకూ 'జాడముద్ర' వేసింది. ఎవరు తెరిచినా వాళ్ల పేరు, కారణం గంటలోగా ఆ మనిషికి తాఖీదుగా చేరతాయి. కారణం సరైనది కాకపోతే క్షమించడమో, కేసు పెట్టడమో ఆ మనిషి ఇష్టం. ఈ పని చేసే యంత్రం పేరు కావలి. మునిగిపోయామని వ్యాపారులు మొదట గగ్గోలు పెట్టారు. తీరా జనానికి నమ్మకం కుదిరాక వాళ్ల బేరాలే పెరిగాయి. ఆ సాయంత్రం పది దేశాలు కావలిని తీసుకుంటూ సంతకాలు చేయబోతున్నాయి. తన్మయికి కాలు నేల మీద నిలవడం లేదు.

"అమ్మా, ఒక మాట," అంది కావలి. "ఇందాక పది గంటలకు మీరు నిహాంత్ గారి ఆరోగ్య పత్రం తెరిచారు. కారణం గడి ఖాళీగా ఉంది."

నిహాంత్ ఆమె కూతురికి చూస్తున్న అబ్బాయి.

"నువ్వు సరిగ్గా పనిచేస్తున్నావో లేదో పరీక్షించడానికి తెరిచాను," అంది తన్మయి.

"పరీక్షలకు కల్పిత పేర్లే వాడాలని మీరే రాశారు."

తన్మయి ముఖం కందింది. పిల్లనిచ్చే ముందు నాలుగు చోట్ల వాకబు చేయని తల్లి ఉంటుందా? కానీ ఈ తాఖీదు వెళ్తే సంబంధం తప్పిపోతుంది. కూతురు మళ్లీ తన ముఖం చూడదు.

"ఆపమంటే ఆపుతావా?"

"ఆపుతానమ్మా. ఆ అధికారం మీ ఒక్కరికే ఉంది."

ఆ మాట గుచ్చుకుంది. మినహాయింపు కావాలని వచ్చిన కంపెనీ పెద్దలను, మంత్రులను ఆమె గుమ్మంలోంచే పంపేసింది. దొడ్డిదారి మాత్రం తనకోసం అట్టేపెట్టుకుంది.

"కారణం గడిలో పెళ్లి వాకబు అని రాసి పంపెయ్. నా అధికారం తీసెయ్. ఇకనుంచి నేను చెప్పినా ఆగకు."

తాఖీదు వెళ్లిపోయింది. తను చేసిన యంత్రం తనను కూడా వదల్లేదని ఆమె గుండె ఉప్పొంగింది.

పది నిమిషాలకు నిహాంత్ తల్లి మృదుల ఫోన్ చేసింది. ఆవిడ ఆస్పత్రిలో డాక్టరు.

"వదినగారూ, మావాడికి మీ తాఖీదు వచ్చింది."

"తప్పయిపోయింది వదినగారూ. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు."

"భలేవారే. మీ ఇంట్లో షుగర్ ఉందేమోనని నెల కిందట నేను మీ పత్రం తెరవలేదూ? తాఖీదు మీకు వెళ్లుంటుందని వారం రోజులు హడలిపోయాను. మీరు పల్లెత్తు మాట అన్లేదు. ఎంత పెద్ద మనసండీ మీది. మావాడూ అదే మాట అని మిమ్మల్ని క్షమించేశాడు."

ఫోన్ పెట్టేసి తన్మయి కావలి వైపు తిరిగింది.

"నాకు అలాంటి తాఖీదు వచ్చిందా?"

"వచ్చిందమ్మా. మీవి మూడు వందల పన్నెండు ఉన్నాయి. తొమ్మిదేళ్లలో ఒక్కటీ తెరవలేదు."

ఆ సాయంత్రం సంతకాలయ్యాక సభంతా లేచి చప్పట్లు కొడుతుంటే, వేదిక మీద తన్మయి తల వంచుకునే ఉంది. ఎంత వినయమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె నూట నలభై మూడో తాఖీదు చదువుతోంది.